చావని పురుగులు

పొద్దున్నే మామగారు కుట్టుమిషనుకి నూనె పోస్తుంటే కోడలు టీ పక్కన పెట్టేసింది. బోదకాలుతో పెడల్ తొక్కలేక మూడేళ్ల క్రితం ఆ మిషను మీద దుప్పటి కప్పేసిన దర్జీ ఆయన. ఆ జబ్బు పురుగులకు కొత్త మందులు పరీక్షించే ల్యాబులో ఆమె ఉద్యోగం. నాలుగు రోజుల క్రితం, "మామయ్యా, ఒక మందుకి పురుగులన్నీ చచ్చాయి!" అని ఇల్లంతా మోగేలా చెప్పింది ఆమే.

అవి చావలేదు. ఆ రోజు పురుగులున్న ప్లేటులో మందు వెయ్యని గుంటల్ని ముందు చూసింది. పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. అంతలో మామగారి ఫోను. ప్లేటుని ఏసీ గదిలో బల్ల మీదే వదిలేసి అరగంట మాట్లాడింది. తిరిగొచ్చి మందు వేసిన గుంటలు చూస్తే కదలిక లేదు. చచ్చాయని రాసేసింది. ప్లేటుని వెచ్చటి పెట్టెలో పెట్టి మర్నాడు తీస్తే, అన్నీ నిక్షేపంగా ఈదుతున్నాయి! చలికి బిగుసుకున్నాయంతే. ప్లేటుని చల్లబడనివ్వకూడదని కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్తారు. సిగ్గుతో నోరు మూసుకుంది. పాపం, ల్యాబులో ఇద్దరు ఆ మందు మీదే చాకిరీ చేస్తున్నారు.

"మీ ల్యాబు మేడం కొలతలు పట్రా అమ్మాయ్. మొదటి జాకెట్టు ఆవిడకే," అన్నారు మామగారు హుషారుగా.

"కాలికి కట్టు ఏది మామయ్యా?"

"విప్పి పారేశా. కడగడం కూడా మానేశా. మందు వచ్చేస్తోందిగా!"

ఆమె గబుక్కున వంగి చూసింది. వేళ్ల మధ్య చర్మం చిట్లి, కాలు ఎర్రగా కందిపోయింది.

"అవి చావలేదు మామయ్యా. నేనే తప్పు చూశాను. మూడు రోజులుగా తెలుసు. నిజంగా చచ్చినా మీ పాత వాపు పోదు. అదీ చెప్పలేదు."

ఆయన ముఖం నల్లబడింది. "నన్ను పిచ్చోణ్ణి చేసి ఆడించావా?"

"మీ సంతోషం చూసి నోరు రాలేదు."

"నా సంతోషం సంగతి నిన్నెవరు చూడమన్నారు? కాలు నాది!"

ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన ఫోను వల్లే ప్లేటు వదిలానని మాత్రం అనలేదు. అది తన తప్పే.

ఆయనే అడిగారు. "ల్యాబులో చెప్పావా?"

"లేదు."

"ముందు చెప్పు. వాళ్లనీ నాలాగే ఉత్త ఆశతో కూర్చోబెట్టావా?"

అక్కడే నిలబడి మేడంకి ఫోన్ చేసింది. చీవాట్లు పడ్డాయి. పరీక్ష మళ్లీ మొదలుపెట్టమన్నారు.

గోరువెచ్చని నీళ్లు, సబ్బు తెచ్చింది. "కడిగి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

ఇన్నేళ్లలో ఆయన ఆ కాలిని కోడలి చేత ముట్టనిచ్చింది లేదు. ఇప్పుడు తనే ముందుకు చాపారు.

"క్షమించండి మామయ్యా."

"మెల్లగా తల్లీ," అన్నారాయన, కళ్లు తుడుచుకుంటూ. "అక్కడ మంటగా ఉంది."