కాగితం వెనక సంతకం

"డిటెక్టివ్ గారూ, నన్ను జైల్లో పెట్టేస్తారండీ!" అంటూ లోపలికొచ్చింది డైవింగ్ టీచరు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఆ డిటెక్టివ్ పొడుగు చూసి ఊరంతా నిచ్చెన అంటారు. నోట్‌బుక్కుతో పక్కనే ఉండే అసిస్టెంటు గుండుకి ఆయన మాట వేదవాక్కు.

టీచరు దగ్గర సముద్రంలో డైవింగ్ నేర్చుకుంటున్న ఓ బిల్డింగ్ కాంట్రాక్టరు, పది మీటర్ల లోతు నుంచి పైకి రాగానే నెత్తుటి నురగ కక్కి పడవలోనే పోయాడు. గబగబా పైకి లాగి ఊపిరితిత్తులు పగలగొట్టిందని అతని భార్య కేసు పెట్టింది.

"మెల్లగానే తెచ్చానండీ. ఆయన ఊపిరి కూడా బిగబట్టలేదు."

ఆమె చేతికున్న, లోతూ సమయమూ నమోదుచేసే డైవ్ కంప్యూటరు చూశాడు నిచ్చెన. నిమిషం చాలే దూరం పైకి రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. "అయితే లోపం ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండాలి," అన్నాడు.

పోలీసుల దగ్గర రెండు జిరాక్సులు దొరికాయి. ఒకటి ఆరోగ్య ప్రశ్నల కాగితం. 'ఊపిరితిత్తి ఎప్పుడైనా కుంచించుకుపోయిందా?' అన్నచోట కాంట్రాక్టరు 'అవును' అని టిక్కు పెట్టాడు. రెండోది డాక్టరు సర్టిఫికెట్, 'డైవింగుకి పూర్తిగా ఫిట్' అని.

డాక్టరు క్లినిక్కులో బల్ల మీద హెల్మెట్ పెట్టుకున్న యువకుడి ఫొటో ఉంది.

"ఆయన జబ్బు మీకు తెలుసా?" జిరాక్సులు రెండూ ముందు పెట్టి అడిగాడు నిచ్చెన.

"అతను చెప్పందే నాకెలా తెలుస్తుందండీ? ఈ ప్రశ్నల కాగితం ఇప్పుడే చూస్తున్నా. గుండె, బీపీ చూసి రాసిచ్చాను."

"ఆ ఫొటో?"

"మా తమ్ముడు. పోయాడు."

మర్నాడు తడి డైవింగ్ సూట్లు ఆరేసిన టీచరు ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాడు నిచ్చెన. కాంట్రాక్టరు భార్య, డాక్టరు, ఇన్‌స్పెక్టరు వచ్చారు.

"టీచరమ్మా, ఎవరైనా 'అవును' అని రాస్తే ఏం చేస్తారు?"

"డాక్టరు సర్టిఫికెట్ తెమ్మంటాం. విడి కాగితం ఇస్తే జబ్బు దాచేసి సంతకం తెచ్చుకుంటున్నారండీ. అందుకే ప్రశ్నల కాగితం వెనకే రాయించుకు రమ్మంటాం."

ఆమె ఇచ్చిన అసలు కాగితం ఎత్తి చూపించాడు. ఒకవైపు టిక్కు, వెనక సంతకం.

"విడి జిరాక్సులు చూసి, డాక్టరుగారు ఇది తన చేతికే రాలేదని బొంకారు. అప్పుడే అనుమానమొచ్చి స్కానింగ్ సెంటరుకి వెళ్లాను. సంతకం పెట్టిన రోజే ఈయన కాంట్రాక్టరుకి ఊపిరితిత్తుల స్కాన్ రాశారు. బలహీనమైన గాలిబుడగలున్నాయని సంతకానికి ముందే రిపోర్టు ఈయనొక్కరికే వచ్చింది. పైకొచ్చేకొద్దీ లోపలి గాలి ఉబ్బుతుంది. ఎంత మెల్లగా వచ్చినా అలాంటి బుడగ పగలొచ్చు. డాక్టరుగారికిది కొట్టిన పిండి."

గుండు రాయడం కూడా మర్చిపోయాడు.

"డాక్టరుగారూ, మీ బల్ల మీది ఫొటో చూసి ఆరా తీశాను. రెండేళ్ల కింద కాంట్రాక్టరు సైట్లో ఓ ఎలక్ట్రీషియన్ పైనుంచి పడి చనిపోయాడు. సేఫ్టీ బెల్టు ఇవ్వకుండానే ఇచ్చినట్టు సంతకం పెట్టి కాంట్రాక్టరు బయటపడ్డాడు. చనిపోయింది మీ తమ్ముడు."

డాక్టరు బుకాయించలేదు. "ఒక్క సంతకంతో నా తమ్ముణ్ణి మట్టిలో కలిపాడు. నేనూ ఒక్క సంతకమే పెట్టా. మళ్లీ వస్తే మళ్లీ పెడతా."

టీచరు లేచి డాక్టరు ఎదుట నిలబడింది. కేసు తప్పినందుకు ఆమె ముఖంలో సంతోషం లేదు, కోపం మండుతోంది.

"ఆయన దిగడానికి భయపడ్డాడండీ. డాక్టరుగారే ఫిట్ అన్నారు కదా, రండి అని నేనే చెయ్యిపట్టి దింపాను. మీ పగ తీర్చుకోడానికి నా చేతులే దొరికాయా?"

డాక్టరు తలెత్తలేకపోయాడు.