చావని కాపలా

ఆ బస్సుల ఆఫీసులో వరండా చివరున్న కంప్యూటర్ గదికి మంచి పేరు లేదు. పట్టపగలు కూడా ఊడ్చే ఆవిడ గుమ్మంలోంచే చీపురు ఆడించి వెళ్ళిపోతుందట. ఆఫీసులో అందరూ మాస్టారని పిలిచే పెద్దాయన ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే, కీబోర్డు మీద చెయ్యి పెట్టుకుని ప్రాణం వదిలారు మరి. సీట్లు కేటాయించే ప్రోగ్రాం ఆయన రాసిందే. దానికి 'కాపలా' అని పేరు పెట్టి కన్నబిడ్డలా చూసుకునేవారు.

ఆయన పోయారు. కాపలా ఆగలేదు.

ఆ రాత్రి దాన్ని ఆపే పని కొత్తమ్మాయి మీద పడింది. తెల్లారేసరికి కొత్త ప్రోగ్రాం నడవాలి. పాతది బతికుండగా కొత్తది ఎక్కిస్తే ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోతుంది. పొద్దున్నే బస్సు దగ్గర జనం జుట్లు పట్టుకుంటారు, ఈమె ఉద్యోగం ఊడుతుంది. ఇంకా పర్మనెంటు కూడా కాలేదు పాపం.

గదిలో ఏసీ హోరు...

ఆమె ప్రోగ్రాంని ఆపేసే 'కిల్' కమాండు కొట్టింది. మాస్టారి బిడ్డని చంపుతున్నానే అనుకుంది. చచ్చిందో లేదో చూద్దామని, మెషీన్లో నడుస్తున్నవాటి జాబితాలో 'కాపలా' అని వెతికింది.

ఉంది. ఒక లైను.

నడిచే ప్రతిదానికీ మెషీను ఒక నంబరిస్తుంది. దాని నంబరు చూసి మళ్ళీ కిల్ కొట్టింది. ఆ నంబరుతో నడుస్తున్న ప్రాసెస్ ఏదీ లేదంది మెషీను.

మళ్ళీ వెతికింది. ఉంది — ఈసారి వేరే నంబరుతో.

చంపింది. లేదంది. వెతికింది... ఉంది.

ఇంట్లో నిద్రపోతున్న సీనియరక్కకి ఫోన్ చేసింది.

"అక్కా... కాపలా చావట్లేదక్కా. చంపినకొద్దీ నంబరు మార్చుకుని లేస్తోంది."

"ఎవరి పేరు మీద నడుస్తోందే?"

"ఆఁ?"

"లైను మొదట్లో పేరుంటుంది కదా తల్లీ. చదువు."

చదివింది. "...నాదే."

అక్క ఆవులించింది. "కాపలా ఎప్పుడో చచ్చింది. నువ్వు కొట్టే వెతికే కమాండు కూడా నడిచే ప్రాసెస్సే కదే! దాన్లో కాపలా అన్న పేరుంది కాబట్టి అదే దొరుకుతోంది. నువ్వు చంపేలోగా దాని పనైపోయి అదే పోతోంది, మళ్ళీ వెతికితే కొత్త నంబరుతో పుడుతోంది. ఇందాకట్నుంచీ నిన్ను చూసి నువ్వే జడుసుకుంటున్నావ్. కొత్తది ఎక్కించి ఇంటికి పో."

ఎక్కించింది. సీట్లు ఒక్కొక్కటిగా సరిగ్గానే పడుతున్నాయి. ఉద్యోగం నిలబడింది. నవ్వొచ్చింది. వెళ్ళేముందు తన దెయ్యాన్ని తనే ఇంకోసారి చూసుకుందామని, సరదాకి, మళ్ళీ వెతికింది.

రెండు లైన్లు.

ఒకటి తనదే.

రెండోది కాపలా కాదు. అదీ వెతికే కమాండే — అచ్చం తను కొట్టినట్టే, కాపలా కోసం.

లైను మొదట్లో ఉన్న పేరు చదివింది... మాస్టారిది.

వేళ్ళు కిల్ దాకా వెళ్ళి ఆగిపోయాయట. దాన్ని మాత్రం చంపలేదు. లైటు ఆర్పకుండా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.