ధాన్యపు కొట్టు తాళం

ముత్తాతగారు సోమనాథంగారు బాటసారులకు చలివేంద్రం పెట్టించారు. తాతగారు వీరరాఘవయ్యగారు పెనుతుపాను వచ్చిన ఏడు తాళం చెవి తెప్పించి, తమ చేతులతో ధాన్యపు కొట్టు తెరిచి, ఊరందరికీ గింజలు కొలిచి ఇచ్చారు. తండ్రిగారు కామేశ్వరరావుగారు బడిపిల్లలకు పలకలు కొనిచ్చి, వాటిమీద అక్షరాలను తామే దిద్దించారు.

భ్రమరాంబగారు కళ్ళు మూసుకొని ఈ మాటలు పలుకుతూ ఉంటే, ఆవిడ తలమీది సన్నని లోహపు వలలో చిన్నచిన్న దీపాలు వెలిగి ఆరుతున్నాయి.

"ఇక్కడ కొంచెం ఆగండి, టీచరుగారూ," అన్నాడు డాక్టర్ షరీఫ్. "కొట్టు తెరవడం మీరు స్వయంగా చూశారా?"

"లేదు. అప్పుడు నేను కాకినాడ హాస్టల్లో ఉన్నాను. నాన్నగారు ఉత్తరం వ్రాశారు. అందులో ఉన్నది ఉన్నట్లు చెబుతున్నాను."

విశాఖపట్నానికి సముద్రపు గోడ కట్టిన తరువాత వెలసిన కొత్త పేటలో, తొమ్మిదిమంది మాత్రమే ఉండే మెమరీ కేర్ హోమ్ అది. షరీఫ్ కనిపెట్టిన యంత్రం పేరు ప్రతిస్మృతి. ఆరోగ్యవంతుడైన బంధువు ఒక సంగతిని తలచుకొన్నప్పుడు మెదడులో పుట్టే సిగ్నల్స్‌ను ఆ వల రికార్డు చేస్తుంది. రోగి చెవి వెనుక అమర్చిన చిప్, అతడు దేనికోసమైనా తడుముకొన్నప్పుడల్లా ఆ సిగ్నల్‌ను అందిస్తుంది. చిరిగిన చీరకు మాసిక వేసినట్లు.

"ఒక్క చిక్కు ఉంది," అన్నాడు షరీఫ్. "మాసిక చిరుగు వరకే ఆగదు. చుట్టూ ఉన్న పాత గుడ్డనూ కప్పేస్తుంది. మీ జ్ఞాపకమూ మీ చెల్లెలిగారి జ్ఞాపకమూ వేరైనచోట మీదే నిలుస్తుంది. మళ్ళీ విప్పడం నా వల్ల కాదు. మీ ఇద్దరికీ ఎక్కడైనా భేదం ఉందా?"

"ఉన్నచోట తప్పు త్రిపురది," అన్నారు భ్రమరాంబగారు.

ముప్పై ఆరేళ్ళు తెలుగు పంతులమ్మగా పనిచేసిన ఆవిడ పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అయినా ఆ మాట అన్న తరువాత, ఎందుకో, ఆవిడ మనస్సు కుదుటపడలేదు. వారం క్రితం చూసిన మరొక హోమ్ కళ్ళముందు మెదిలింది.

అది భీమిలిలో గ్రేసమ్మ అనే రిటైర్డ్ నర్సు నడుపుతున్న ఇల్లు. ఆరుగురే మనుషులు. యంత్రాలు లేవు. వరండాలో ఒక ముసలాయన సంచీ పట్టుకొని, "తుని బస్సు వచ్చిందా?" అని అడుగుతున్నాడు.

"వస్తుంది బాబాయ్. ఈలోగా కాఫీ తాగుదాం రా," అంది గ్రేసమ్మ.

"రాని బస్సు వస్తుందని చెప్పడం అసత్యం కాదా?" అని భ్రమరాంబగారు నిలదీశారు.

"సరిదిద్దితే ఏడుస్తారమ్మా. మేం సరిదిద్దం. కూర్చుని వింటాం."

త్రిపురసుందరికి ఆ ఇల్లు నచ్చింది. తన వీధి పేరు మరచి, రెండుసార్లు పోలీసుల తోడుతో ఇల్లు చేరిన మనిషి, అక్కడి పీటమీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. గ్రేసమ్మ చెయ్యి పట్టుకొని, "మా తుపాను సంగతి తెలుసా? తాతయ్య ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. ఆ తాళం పగలగొట్టింది..." అని మొదలుపెట్టింది.

"తాతగారే. పగలగొట్టలేదు, తాళం చెవితో తీశారు," అన్నారు భ్రమరాంబగారు.

"నువ్వక్కడ ఉన్నావా ఏమిటే అక్కా? గొడ్డలి తెచ్చింది..."

"చాలు, త్రిపురా."

"ఆవిణ్ణి చెప్పనివ్వండమ్మా," అంది గ్రేసమ్మ మెల్లగా.

అరవై ఏళ్ళుగా ఆ కథ అక్కడికే వచ్చి ఆగుతోంది. ఆ రోజూ ఆగింది. ఇద్దరికీ పిల్లలు లేరు. వంశం మాట చెప్పగలిగే నోళ్ళు రెండే, అందులో ఒకటి తప్పుతోంది. మరొక నెల గడిస్తే తనను "ఎవరండీ మీరు?" అంటుందేమోనన్న భయం ఒకటి. ఏ ఇల్లు మంచిదో తేల్చుకోలేక భ్రమరాంబగారు నాలుగు రోజులు అన్నం సయించక గడిపారు. చివరికి, సరిదిద్దే ఇల్లే మంచిదని నిశ్చయించారు.

చిప్ అమర్చిన నలభై రోజుల తరువాత ఆవిడ చెల్లెలిని చూడబోయారు. త్రిపుర తల దువ్వుకొని, నిటారుగా కూర్చొని ఉంది.

"రా అక్కా. మోకాలి నొప్పి ఎలా ఉంది?"

భ్రమరాంబగారికి కళ్ళు చెమర్చాయి. త్రిపుర ముత్తాతగారి చలివేంద్రం చెప్పింది, తండ్రిగారి పలకలు చెప్పింది. ఒక్క అక్షరం తప్పలేదు. వింటున్నకొద్దీ భ్రమరాంబగారికి ఏదో వెలితిగా తోచింది. గొంతు చెల్లెలిది, మాట తనది. ఎదురుచెప్పేవారు లేని ఆ గదిలో, తాను చెబుతున్నదో వింటున్నదో ఆవిడకు తెలియలేదు.

"త్రిపురా, తుపాను వచ్చిన ఏడు కొట్టు తాళం పగలగొట్టింది ఎవరే?"

"పగలగొట్టడమేమిటి? తాతగారు చెవితో తీశారు."

"గొడ్డలి తెచ్చారన్నావు కదే. ఎవరు తెచ్చారు? ఈసారి అడ్డురాను, చెప్పు."

త్రిపుర పెదవులు ఏదో పేరుకు సిద్ధమైనట్లే కదిలాయి. చెవి వెనుక చిన్న దీపం వెలిగింది.

"నాకెలా తెలుస్తుందక్కా? నేను కాకినాడ హాస్టల్లో ఉన్నాను. నాన్నగారి ఉత్తరంలో చదివాను."

"నువ్వు ఇంట్లోనే ఉన్నావే. హాస్టల్లో ఉన్నది నేను."

"తప్పు," అంది త్రిపుర, కొంచెం కటువుగా.

భ్రమరాంబగారు షరీఫ్ గదికి వెళ్ళి, ఆ మాసికను విప్పడం ఏమైనా వీలవుతుందా అని అడిగారు. అతడు తల అడ్డంగా ఊపాడు. అక్కడినుంచి భీమిలి వెళ్ళి, గొడ్డలి తెచ్చింది ఎవరో త్రిపుర చెప్పిందా అని అడిగారు. "నాకూ చెప్పలేదమ్మా. మీరు ఆపేశారు కదా," అంది గ్రేసమ్మ.

భ్రమరాంబగారు చెల్లెలికి అప్పగించినవి ఇవి: ముగ్గురు పెద్దల పేర్లు, వారి సత్కార్యాలు, కాకినాడలో ఒక హాస్టల్ గది, ఒక ఉత్తరం. గొడ్డలి తెచ్చినవారి పేరు వాటిలో లేదు.