ఇద్దరు మామ్మల మధ్య ఝిలి

"అబ్బే, ఊడిపోదు మామ్మగారూ! చెవిలో అలా వదిలేయండి, చాలు."

"లోపలికెళ్ళి కూకుంటే ఎవుడు తీస్తాడు బాబూ?"

సైంటిస్టు పైడిరాజు నవ్వాడు. బరంపురంలో ఝిలి వాళ్ళ వంటింట్లో అతని మెషిన్‌కి పరీక్ష జరుగుతోంది. మెషిన్ అంటే శనగగింజంత బటన్, అంతే. ఎదుటివాళ్ళు ఏ భాషలో మాట్లాడినా మన భాషలోకి మార్చి, వాళ్ళ గొంతుతోనే మన చెవిలో వేస్తుంది. ఎంత గొప్ప సంగతో చూడండి!

ఝిలి మాత్రం ఆ బటన్ల వంక బెదురుగా చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆ పని తనదే. అమ్మని కన్న అమ్మమ్మకి తెలుగే వచ్చు. నాన్నని కన్న జేజేమాకి ఒడియానే వచ్చు. ఇద్దరికీ ఒకటే పొయ్యి. పొద్దున జేజేమా పెట్టే పులిసిన పఖాళ చద్దన్నం, రాత్రి అమ్మమ్మ పోసే ఉలవచారు, రెండూ తిని పెరిగిన పిల్ల.

ముందు ఎప్పటిలాగే ఝిలి ఒకరి మాట ఇంకొకరికి చెప్పాలి. మెషిన్ ఊరికే విని, అసలు మాటల్ని తెలుగులో పైడిరాజు స్క్రీన్ మీద చూపిస్తుంది.

జేజేమా చారుగిన్నె చూసి మూతి తిప్పి ఏదో అంది.

"ఏటంతందే?" అమ్మమ్మ అడిగింది.

"నీ చారు వాసనకి నోరూరుతోందంట."

"ఇప్పటికి తెలిసిందన్నమాట, పప్పులో కొబ్బరేసుకు తినే మనిషికి!"

ఝిలి జేజేమా వైపు తిరిగి, నీ దాల్మాలో కొబ్బరి భలే ఉంటుందంట అని ఒడియాలో చెప్పింది. జేజేమా సిగ్గుపడి పమిట సర్దుకుంది.

పైడిరాజు స్క్రీన్ చూశాడు. జేజేమా అన్నది, 'ఈ చారు ఒలికితే గచ్చు కూడా లేచిపోద్ది' అని. తలెత్తి పిల్లని చూశాడు. ఝిలి గౌను అంచు మెలిపెడుతోంది. ఇద్దరి నోటి కారమూ ఇన్నాళ్ళూ ఈ పిల్లే మింగిందన్నమాట!

నిజం తెలిస్తే అమ్మమ్మ సంచి సర్దుకుని సోంపేట వెళ్ళిపోతుంది. వద్దని ఝిలి తల అడ్డంగా ఊపేలోపే పరీక్ష రెండో విడత మొదలై బటన్లు ఆనయిపోయాయి.

"ఆ గిన్నె నా దాల్మా పక్కన పెట్టకు. వాసనకే పాడవుద్ది." జేజేమా గొంతు, తెలుగులో, సూటిగా అమ్మమ్మ చెవిలో పడింది.

"నీ దాల్మా గొడ్లు కూడా ముట్టవు!" అమ్మమ్మ గొంతు ఒడియాలో జేజేమా చెవిలో పడింది.

ఇద్దరూ ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు. చారు కుతకుతా ఉడుకుతోంది. ఝిలి కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

అమ్మమ్మ బటన్ పీకి పైడిరాజు చేతిలో పెట్టింది.

"పట్టుకుపో బాబూ. ఇది పాడైపోనాది."

జేజేమా కూడా పీకేసి గొణిగింది.

"ఏమంటున్నారు?" అని ఝిలినే అడిగాడు పైడిరాజు.

"మీ మెషిన్ అబద్ధాలు చెప్తోందంట. అమ్మమ్మ చచ్చినా అలాంటి మాట అనదంట."

ఈసారి స్క్రీన్ మీదా అదే మాట పడింది.

ఎన్నో ఏళ్ళ కష్టం అతనిది. స్క్రీన్ ఇటు తిప్పి చూపిస్తే చాలు, మెషిన్ తప్పు లేదని తేలిపోతుంది. కానీ ఝిలిని చూస్తూ దాన్ని మెల్లగా మూసేశాడు.

"నిజమే మామ్మగారూ. దీనికింకా చాలా రావాలి."

అమ్మమ్మకి జాలేసింది. గ్లాసుడు ఉలవచారు తాగించి మరీ పంపింది. అతను గుమ్మం దాటుతుంటే ఆవిడ అన్న మాట, ఒక్క అక్షరం మార్చకుండా, ఇదీ:

"బాధపడకు బాబూ. ఉన్నది ఉన్నట్టు సెప్పడం మా పిల్లని చూసి నేర్సుకో."