గోడకి పనికిరాని ముఖాలు

మిట్ట మధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

సూర్యుడు నడినెత్తిన ఉండాల్సిన వేళ ఆకాశం మసిబారిపోయింది. కారుమేఘాలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఊరి మీదికి దిగుతున్నాయి. ఫెళఫెళమంటూ ఉరుము! పట్టపగలు దారితప్పిన గుడ్లగూబ ఒకటి ఎదుటి మేడ మీది నీళ్ల ట్యాంకుపై వాలి, తల గిర్రున తిప్పి, ఫోటో ఫ్రేముల దుకాణం వంక చూస్తూ కర్ణకఠోరంగా అరిచింది...

ఆ దుకాణం వెనక గదిలో, తలుపులు బిగించుకుని, వాడు కూర్చున్నాడు.

ఊళ్లో వాణ్ణి 'గోడల గురువు' అంటారు. బోసిగోడ చూపిస్తే చాలు... ఎక్కడ ఏ బొమ్మ, ఎంత ఎత్తున ఏ ఫోటో, దేని పక్కన ఏది... తడుముకోకుండా చెబుతాడని పేరు. వేళ్లకి నాలుగు ఉంగరాలు, పది అడుగుల దూరానికే కొట్టే సెంటు వాసన, మాటకి ముందొక చిరునవ్వు. లోపల మాత్రం మహా క్షుద్రోపాసకుడు! అర్ధరాత్రిళ్లు శ్మశానాల్లో బూడిద పూసుకుని పొర్లాడే మంత్రగాళ్లంటే వాడికి చులకన. "దోమలకి రక్తదానం చెయ్యడానికి తప్ప ఎందుకూ పనికిరారు" అని నవ్వుకునేవాడు. వాడికి ఏసీ గది కావాలి. కింద మెత్తని దిండు కావాలి. ఒకరి ప్రాణం తీసేటప్పుడు కూడా తన నడుం నొప్పెట్టకూడదు... అదీ ఆ మహానుభావుడి తపస్సు!

వాడి ఎదుట నల్లని పీట. దాని మీద కపాలం! పాతికేళ్ల మసీ, నెత్తురూ, కొవ్వూ అట్టలు కట్టి గడ్డకట్టిన కపాలం... దిక్కులేని చావు చచ్చిన ఎవరో ఆడమనిషిది. ఏ గోతిలోంచి తవ్వి తెచ్చాడో వాడికే గుర్తులేదు. ఆ ప్రేతాన్ని బంధించి, దానికి ముఖాలు మేపుతూ, తన ఆయుష్షు పెంచుకుంటున్నాడు. ఇరవై ఒక్క ముఖాలు ఆహుతైతే ఇక మృత్యువు తన గుమ్మం తొక్కదు!

ఎవరి ముఖాలంటే వాళ్లవి పనికిరావు. అయినవాళ్లే నోరారా 'వద్దు' అని తోసేసిన ముఖమై ఉండాలి. అందుకే గోడలు అలంకరించే వృత్తి పట్టాడు. ఇల్లిల్లూ తిరిగి, గోడకెక్కేవి ఎక్కించి, వద్దన్నవి జేబులో వేసుకొచ్చేవాడు. ఇరవై ఫోటోలు బూడిదయ్యాయి.

ఇరవై ఒకటోది మంటలో పెట్టాడు.

కాలలేదు!

మళ్లీ పెట్టాడు. మంత్రం మార్చాడు. నెత్తురు చిలకరించాడు. అంచు కూడా నల్లబడలేదు. ఫోటోలో అరవైకి దగ్గరపడ్డ ఆవిడ... ఆకుపచ్చ గౌను, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, వెనక ఇనుప తలుపు... మంటల మధ్య నుంచి తాపీగా నవ్వుతూనే ఉంది!

"శవాలు కడిగే ముసలిది! దీనికింత పొగరా?" వాడు పళ్లు నూరాడు.

కపాలం కంటిగుంటల్లో ఎర్రని వెలుగు ఒక్కసారి రెపరెపలాడి, భయపడినట్టు చిన్నదైపోయింది...

* * *

ఆ ఫోటో వాడి చేతికొచ్చి అప్పటికి పది రోజులు.

మూడో అంతస్తులో కొత్త ఫ్లాటు. ఆ ఇంటావిడ బళ్లో లెక్కల టీచరు, భర్త లిఫ్టుల మెకానిక్. చేరి నెలైనా గోడలు తెల్లగా, బోడిగా ఉన్నాయి. చూడ్డానికొచ్చిన టీచరమ్మ అక్క గుమ్మంలోనే ఆగిపోయి, "ఇదేమిటే, ఆస్పత్రి వార్డులా ఉంది! మంచాలెక్కడ?" అంది. ఆ ఒక్క మాటకి టీచరమ్మకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు గోడల గురువుకి ఫోను చేసింది.

వాడొచ్చాడు. గోడల్ని అరచేత్తో నిమిరాడు. ఆల్బమ్‌లన్నీ సోఫా మీద పరచమన్నాడు.

"అమ్మా, గోడంటే ఇంటి మొహం. ఎవరుండాలో, ఎవరు వద్దో మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెప్పకూడదు."

టీచరమ్మ ఏరడం మొదలెట్టింది. అమ్మ చెల్లెలు, ఎత్తుపళ్ల పిన్ని... "పాపం మంచిదే. కానీ నవ్వితే గోడంతా పళ్లే. వద్దు." నాన్న తమ్ముడు, పెళ్లిలో గ్లాసు పట్టుకుని తూలుతున్న బాబాయి... "ఛీ, వద్దు." చివరికి ఆకుపచ్చ గౌను ఫోటో తేలింది. ముప్పై ఏళ్ల సర్వీసు పూర్తయిందని ఆస్పత్రివాళ్లు తీసిచ్చింది. టీచరమ్మ గొంతు తగ్గించింది.

"మా అత్తగారు. ఆస్పత్రి మార్చురీలో పని. మాతోనే ఉంటారు, ఇప్పుడు డ్యూటీలో ఉన్నారు."

"అయ్యో..." గురువు ముక్కు చిట్లించాడు. "ముందుగదిలోనా?"

వాడి ముక్కు చూసి ఆవిడ ముఖం కందిపోయింది.

"వద్దు! ఇదైతే అస్సలు వద్దు."

గురువు కళ్లు తళుక్కుమన్నాయి. ఆ మూడు ఫోటోలూ వాడి జేబులో దూరాయి.

గోడ మాత్రం అదిరిపోయింది. సముద్రం బొమ్మ చుట్టూ నల్లని ఫ్రేముల్లో అందమైన మొహాలు. అక్క మళ్లీ వచ్చి చూసి, వంక దొరక్క మంచినీళ్లు అడిగింది. సాయంత్రం ఇంటికొచ్చిన భర్త ఫ్రేములన్నీ చూసి, "అమ్మ ఫోటో ఏదే?" అన్నాడు.

"ఆ రంగు గోడకి నప్పలేదండీ."

అతను ఏదో అనబోయాడు. గదిలోంచి తల్లి కేకేసింది. "పోనీలేరా. నా మొహం మీకు కొత్తా?"

ఫోటోలు పోయిన మూడో రోజు బాబాయి కట్టుకున్న భార్యనే పోల్చుకోలేకపోయాడు! "ఎవరమ్మా నువ్వు?" అన్నాడట. ఐదో రోజు పిన్ని మాట పడిపోయింది. ముఖంలో నెత్తురుచుక్క లేకుండా తెల్లకాగితంలా మంచాన పడింది. డాక్టర్లు పరీక్షల మీద పరీక్షలు రాసి, చివరికి బలానికి మాత్రలిచ్చారు.

టీచరమ్మ లెక్క వేసుకుంది. ఇద్దరూ తను వద్దన్నవాళ్లే! మరి మూడో ఫోటో...? వెంటనే గురువుకి ఫోను చేసింది. "ఆ ఫోటోలు నాకు తిరిగిచ్చెయ్యండి!"

"చెత్తబండిలో వేసేశానమ్మా" అన్నాడు వాడు ఆవలిస్తూ.

ఎవరికి చెప్పగలదు? భర్తకి చెబితే, నా తల్లిని నువ్వెందుకు వద్దన్నావని అడుగుతాడు. అప్పటినుంచి అత్తగారు డ్యూటీకి వెళ్లిన ప్రతిరోజూ, తిరిగొచ్చిన చెప్పుల చప్పుడు వినబడేదాకా ఆవిడ గుమ్మం దగ్గరే కూర్చునేది.

* * *

ఫోటో లొంగకపోతే మనిషే లొంగాలి! ఎదురుగా నిలబెట్టి, కోడలి చేత ముఖం మీదే 'వద్దు' అనిపించాలి... కపాలాన్ని ఫ్రేముల పెట్టెలో పెట్టుకుని గురువు వానలో బయల్దేరాడు. షూ తడుస్తోందని దారంతా తిట్టుకున్నాడు.

బడికి సెలవు. టీచరమ్మ ఒక్కతే ఉంది. తలుపు తీసీ తియ్యగానే వాడు లోపలికి తోసుకొచ్చి గడియ పెట్టాడు. మెరుపు మెరిసింది. కరెంటు పోయింది. పెట్టెలోంచి కపాలం పైకి లేచింది...

"కెవ్వ్‌వ్!"

ఆ కేక ఆవిడదే. కానీ సగంలో గొంతు మారిపోయింది! బొంగురుగా, పాతాళకూపంలోంచి వస్తున్నట్టు... కనుగుడ్లు తెల్లగా తిరిగిపోయాయి. జుట్టు విడిపోయి ముఖాన పడింది. పది గోళ్లతో గోడని బరికేస్తూ వికటాట్టహాసం చేసింది. ఫ్రేములు ఒక్కొక్కటే ఊడి భళ్లున పగిలాయి. అద్దాల పెంకుల్లో అందమైన మొహాలన్నీ నేల కరిచాయి!

సరిగ్గా అప్పుడే బయట చెప్పుల చప్పుడు. తాళం తిరిగింది. లోపలి గడియ దానంతటదే ఊడిపడింది. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా... అత్తగారు!

"చూడు! అదిగో ముసలిది!" గురువు ఊగిపోయాడు. "అను! ఇది నాకు వద్దు అను! లేదా నీ గొంతు చీల్చేస్తా!"

"శవాల కంపు..." కోడలి నోటితో ప్రేతం బుసకొట్టింది. "నీ చేతి ముద్ద కంపు... నువ్వు నాకు వ... వ..."

మాట పెదాల దాకా వచ్చింది. లోపలెక్కడో చీకట్లో టీచరమ్మ పెనుగులాడుతోంది! అన్నింటికీ ఆ మాటే కారణమని ఆవిడకి తెలుసు. పళ్లు టక్కున మూసుకుని నాలుకని కసుక్కున కొరికేసింది. నెత్తురు గడ్డం మీదుగా జారింది. మాట మాత్రం బయటపడలేదు!

"అమ్మాయ్!" అత్తగారు గొడుగు విసిరేసి వచ్చి ఆవిణ్ణి పొదివి పట్టుకుంది. అప్పుడు చూసింది... గాలిలో తేలుతూ నిప్పులు కక్కుతున్న కపాలాన్ని.

గురువు విరగబడి నవ్వాడు. "పారిపో! ముట్టుకున్నావంటే రక్తం కక్కుకుని చస్తావ్!"

ఆవిడ పారిపోలేదు. కళ్లు చికిలించి దగ్గరికెళ్లి, పళ్ల వరస వంక చూసింది.

"జ్ఞానదంతాలు కూడా రాలేదే... ఇరవై నిండలేదు" అంది. "ఎవరి బిడ్డవమ్మా? ఇంత మురికి పట్టేదాకా ఎవరూ నీకు నీళ్లు పొయ్యలేదా?"

ఎర్రని వెలుగు తడబడింది. పాతికేళ్లుగా దాన్ని ఎవరూ 'అమ్మా' అనలేదు...

"దాన్ని ముట్టుకోకు!" గురువు గొంతు చీలింది.

"నోర్ముయ్ రా!" ఆవిడ తల కూడా తిప్పలేదు. "ముప్పై ఏళ్లుగా ఎవరికీ అక్కర్లేనివాళ్లని కడుగుతున్నా. ఒక్కరు నాకు చెడు చెయ్యలేదు. చచ్చినవాళ్లతో నాకెప్పుడూ గొడవ లేదు. సెంటు కొట్టుకుని తిరిగే నీలాంటి వెధవలతోనే నా చావు!"

గాలిలోంచి కపాలాన్ని రెండు చేతులా అందుకుంది. పసిపిల్ల తల పట్టుకున్నట్టు వెనక చెయ్యి ఆనించింది. వంటగదిలో కుళాయి తిప్పింది. నీళ్లు పడుతుంటే కమురుకంపు గుప్పుమంది. బొటనవేలితో కంటిగుంటల్ని మెల్లగా రుద్దింది. మసి కరిగింది... నెత్తురు కరిగింది... నల్లని ధారలు సింకులో సుడి తిరిగాయి. గదిలో టీచరమ్మ ఒళ్లు వదిలేసి కుప్పకూలింది. ప్రేతం ఆవిణ్ణి విడిచింది!

"నా శక్తి! నా పాతికేళ్లు!" గురువు తలుపు వైపు పరుగెత్తాడు.

గుమ్మంలో మనుషులు నిలబడి ఉన్నారు...

తడి జుట్టు, ఉతికిన తెల్లగుడ్డలు, చెప్పుల్లేని పాదాలు. మెట్ల నిండా, వసారా నిండా వాళ్లే. రోడ్డు మీద పోయినవాళ్లు, రైలు కింద పడ్డవాళ్లు, ఎవరూ వచ్చి తీసుకెళ్లనివాళ్లు... ఆ చేతులతో ఆఖరి స్నానం చేసినవాళ్లు! ఫినాయిలు వాసన గదంతా కమ్మేసింది. వాళ్లు వాణ్ణి ఏమీ చెయ్యలేదు. దారి ఇవ్వలేదు, అంతే.

వాడి ముఖం కదలడం మొదలైంది! చర్మం కింద ఇంకో ముఖం పొర్లింది... ఎత్తుపళ్లు పొడుచుకొచ్చి, జారి, వెళ్లిపోయాయి. బాబాయి కళ్లు వాడి కళ్లలోంచి తొంగిచూసి వెళ్లిపోయాయి. వాడు తిన్న ఇరవై ముఖాలూ ఒక్కొక్కటే తోలు ఒలిచినట్టు వాణ్ణి వదిలిపోతుంటే, వాడి అరుపు పిడుగుపాటులో కలిసిపోయింది. "అమ్మా! వద్దు! నన్ను వదిలెయ్యండి!" కాళ్లు పట్టుకోవడానికి ఆ తెల్లగుడ్డలవాళ్ల ముందు పాకాడు. ఆ వైభవం, ఆ ఉంగరాలు, ఆ చిరునవ్వు... చివరికి తడిసిన కుక్కలా గచ్చు మీద జారి, రెండుసార్లు తన్నుకుని, ఆగిపోయాడు.

వంటగదిలో కుళాయి కట్టేసిన చప్పుడు. గుమ్మంలో ఎవరూ లేరు.

* * *

గుండె ఆగి చచ్చాడని రాశారు. ఆ సాయంత్రమే పిన్ని గొంతు పెగిలి, మందులు చేదుగా ఉన్నాయని నర్సుని తిట్టిందట. బాబాయి భార్యని గుర్తుపట్టి, ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని ఎదురు దబాయించాడట. తుడిచి తెల్లగుడ్డలో చుట్టిన కపాలాన్ని అత్తగారు కొడుకు చేత పలుగూ పారా మోయించి, ఆస్పత్రి వెనక మట్టిలో పడుకోబెట్టింది. కొడుకుతో టీచరమ్మే జరిగిందంతా చెప్పింది, నాలుక వాపు మీద నత్తినత్తిగా. అతను రెండు రోజులు ముందుగదిలో చాప వేసుకుని పడుకున్నాడు. మూడో రోజు, "తిన్నావా?" అని అడిగాడు.

గోడల మీద మేకుల బెజ్జాలు మిగిలాయి. వాటి మీద ఏం పెట్టాలో టీచరమ్మ ఇంకా తేల్చుకోలేదు.

ఆ మర్నాడు అత్తగారు టిఫిన్ డబ్బా మరిచిపోయి డ్యూటీకి వెళ్లింది. ఇన్నేళ్లలో మొదటిసారి టీచరమ్మ మార్చురీ మెట్లెక్కింది. ఇనుప తలుపు తెరిచే ఉంది. బల్ల మీద గోడల గురువు! నాలుగు రోజులైనా అయినవాళ్లెవరూ రాలేదు. దుకాణం పనివాళ్లు వచ్చారు గానీ, ఎంతసేపు చూసినా వీడే మా యజమాని అని చెప్పలేకపోయారు. కళ్లూ ముక్కూ నోరూ అన్నీ ఉన్నాయి... చూపు తిప్పుకోగానే ఆ ముఖం ఎలా ఉందో గుర్తుండదు.

అత్తగారు రబ్బరు తొడుగులు లాక్కుంటోంది.

"అత్తయ్యా..." టీచరమ్మ గుమ్మంలోనే ఆగింది. "వీణ్ణి కూడా కడుగుతారా?"

"కడక్కపోతే పక్కవాళ్లకి కంపు." ఆవిడ శవాన్ని ఓసారి తేరిపార చూసి మూతి విరిచింది. "బతికుండగా కొట్టుకున్న సెంటే ఇంకా వదల్లేదు దరిద్రుడికి. ఆ బకెట్ ఇలా జరుపు, అమ్మాయ్."

కోడలు టిఫిన్ డబ్బా కిందపెట్టి, చేతులు పైకి మడుచుకుని, బకెట్ జరిపింది.