బెల్టుకు కొత్త రంధ్రం

బుధవారం ఉదయం పెద్ద డాక్టరుగారు బెల్టుకు మేకుతో ఇంకో రంధ్రం పొడుచుకున్నారు. ఈ ఏడాదిలో ఇది రెండోది. వయసు మీద పడుతుంటే ఒళ్లు తగ్గడం మామూలే అనుకుని, మూడో గ్లాసు మంచినీళ్లు గటగటా తాగి మేడ దిగారు. ఇంటి కింది భాగమే ఆసుపత్రి. ముప్పై నాలుగేళ్లుగా పేటలో జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా, మనసు బాగోలేకపోయినా అందరూ ఎక్కేది ఆ మూడు మెట్లే.

కూతురు కూడా డాక్టరై వచ్చి ఏడాదైంది. వస్తూనే బుధవారం సమావేశమని ఒకటి మొదలుపెట్టింది. తలుపులు తెరిచే ముందు అరగంట బల్ల చుట్టూ కూర్చుని, పేటవాళ్ల ఆరోగ్యం గురించి ఎవరి కంట పడింది వాళ్లు చెప్పాలి. నర్సమ్మ ఉండటం సరే. మందుల షాపావిడా సరే. వీధి చివరి దర్జీ ఎందుకు? ఇవాళ అటో ఇటో తేల్చేయాలనుకున్నారాయన.

లోపల మందుల షాపావిడ చెబుతోంది. "మూలింటి అత్తయ్యగారు బీపీ మాత్రలు సగానికి విరిచి వేసుకుంటున్నారమ్మా. నెలకు కొన్నవి రెండు నెలలొస్తున్నాయి."

"సాయంత్రం నేను వెళ్లి మాట్లాడతాలే," అంది నర్సమ్మ.

డాక్టరుగారు గుమ్మంలోనే నిలబడ్డారు. "నా రోగుల గుట్టు బజారున పెట్టడానికా అమ్మాయీ నిన్ను చదివించింది?"

"వాళ్లు సరేనన్నాకే చెప్పుకుంటున్నాం నాన్నా. వచ్చి కూర్చోండి."

"కూర్చోను. రేపట్నుంచి ఇంజెక్షన్లు కూడా దర్జీనే ఇమ్మను. చేతిలో సూది ఎలాగూ ఉంది!"

నర్సమ్మ నవ్వు ఆపుకుంది. దర్జీ మాత్రం మెడలో టేపుతో లేచి నిలబడ్డాడు.

"ఈ సమావేశమైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకో," అన్నారు డాక్టరుగారు. కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయ్యా, కోప్పడనంటే ఒక్క మాట," అన్నాడు దర్జీ, సంచిలోంచి కొలతల పుస్తకం తీస్తూ. "మీ సంగతి మీతోనే చెబుదామని నాలుగు రోజులుగా తటపటాయిస్తున్నాను. నిరుడు వేసవిలో మీ నడుము ముప్పై ఎనిమిది. వానల్లో ముప్పై ఆరు. పోయిన నెల ముప్పై మూడున్నర. మూడుసార్లు ప్యాంట్లు బిగించాను. మీరేమో గుడ్డ సాగిందన్నారు. ఇరవై ఏళ్లుగా కుడుతున్నానండీ, నేను కుట్టింది సాగదు."

కూతురి చూపు తండ్రి బెల్టు మీద ఆగింది. కొస జానెడు పొడవున వేలాడుతోంది.

"దాహం ఎక్కువగా ఉంటోందా నాన్నా?"

"ఎండలు కదమ్మా..."

"రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారు?"

ఆ ప్రశ్న ఆయన వేలమందిని అడిగి ఉంటారు. తనను తాను ఒక్కసారీ అడగలేదు. మెల్లగా కుర్చీలో కూర్చుని నర్సమ్మకు వేలు అందించారు. షుగరు మీటరు మీద మూడువందల అరవై రెండు కనబడింది.

"ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ కూడా నాకు తెలియలేదు నాన్నా!" అంది కూతురు.

"నాకే తెలియలేదు, నీకెలా తెలుస్తుందే పిచ్చిపిల్లా," అని ఆమె చేయి పట్టుకున్నారు. "మీ అమ్మ ఉంటే మొదటి అంగుళానికే పట్టేసేది. తను పోయాక నన్ను కనిపెట్టి చూసే కళ్లు లేవనుకున్నాను." ఆపైన దర్జీ వైపు తిరిగారు. రెండు చేతులూ జోడించబోయారు.

"ఫర్వాలేదండీ," అన్నాడు దర్జీ, టేపు చుట్టుకుంటూ.

మందులు వాడుతూ రెండు నెలలు గడిచాక ఒక బుధవారం డాక్టరుగారు అందరికంటే ముందే వచ్చి, తన గదిలోని మెత్తటి కుర్చీని బల్ల దగ్గరికి ఈడ్చారు. దర్జీ అలవాటుగా మూలనున్న స్టూలు వైపు వెళ్లబోయాడు.

"అక్కడ కాదయ్యా, ఇందులో కూర్చో. ముందు నా నడుము కొలువు."

దర్జీ టేపు చుట్టి, ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. "ముప్పై నాలుగున్నరండీ. అంగుళం పెరిగింది."

ఆ అంకెను తండ్రి ఫైల్లో రాయబోయిన కూతురు, కలం ఆపి కళ్లద్దాలు తుడుచుకుంది.