ఇంజన్ ఆపినవాడు

"నువ్వు మొగుడివి కాదు, క్రిస్పిన్. గైడ్‌వి. అంతే."

కమాండర్ ఒబ్దూలియా ఫైలు మూసేసింది. కిటికీ అవతల మగ్దలేనా అఖాతం, దాని వెనక ఎడారి దిబ్బలు. తిమింగలాలు చూడ్డానికి వచ్చిన ఇరవై మంది టూరిస్టులతో "లా పలోమితా" అనే చిన్న ఓడ బయలుదేరడానికి సిద్ధంగా ఉంది.

"హిమేనాకి మొగుడి వేషం ఈసారి ఫౌస్తోకెందుకు మేడమ్?"

"నీ చేతులు చూసుకున్నావా? తాళ్లు లాగి కాయలు కాశాయి. కోటీశ్వరుడి చేతులు అలా ఉంటాయా? ఈ ఊరి పడవవాడి కొడుకువి, గైడ్ వేషానికి మేకప్ కూడా అక్కర్లేదు. ఇక విను. హిమేనా డబుల్ ఏజెంట్. నల్ల లంగరు ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది. సముద్రం అడుగున మన నేవీ పెట్టిన మైకుల మ్యాప్ కావాలంటున్నారు. ఆమె కెమెరా మూతలో దొంగ మ్యాప్ పెట్టి ఇస్తుంది. తీసుకునేవాడు ప్రొఫెసర్ లుండ్, మూడో పడవలో ఉంటాడు. నీ కళ్లు వాడిమీదే ఉండాలి. మన ఎత్తు ముందే పసిగట్టారంటే హిమేనా మనకి దక్కదు."

"ప్రమాదం వస్తే?"

"రేడియోలో 'కాఫీ చల్లారింది' అను. మిషన్ ఆపేస్తారు."

అసలు చిక్కేమిటంటే, ఆర్నెల్ల కిందట వెరాక్రూజ్‌లో హిమేనాకి మొగుడు వేషం వేసింది క్రిస్పినే. మిషన్ అయిపోయాక అందరూ వేషాలు తీసేశారు. మనవాడు తీయడం మర్చిపోయాడు.

పొద్దున్న డెక్ మీద టిఫిన్. తెల్ల సూటులో ఫౌస్తో ఎండుమాంసం చుట్టిన రొట్టె తుంచి హిమేనా నోట్లో పెట్టాడు. ఆమె కిలకిలా నవ్వింది. టూరిస్టులకి పెలికాన్‌ల గురించి చెబుతున్న క్రిస్పిన్‌కి ఒళ్లు భగ్గుమంది. కాలర్‌లోని మైక్ నొక్కాడు.

"కాఫీ చల్లారింది!"

ఫౌస్తో గబుక్కున లేచాడు. నలువైపులా చూశాడు. ఏమీ లేదు. గంట తర్వాత ఆమె వీపుకి ఎండ క్రీమ్ రాస్తుంటే కాఫీ మళ్లీ చల్లారింది.

హిమేనా క్రిస్పిన్‌ని రెయిలింగ్ దగ్గర నిలేసింది.

"మతిగానీ పోయిందా నీకు? ఇక్కడ పందెం కాసింది నా ప్రాణం. నీ కుళ్లు తీర్చుకోడానికి ఇదా చోటు?"

"వాడు క్రీమ్ అంతసేపు రాయాలా?"

"చాల్లే!" ఆమె తన చెవిలోని రేడియో తీసి సముద్రంలోకి విసిరేసింది. క్రిస్పిన్ సిగ్గుతో తల దించుకున్నాడు. అయినా కుళ్లు తగ్గిందా అంటే, లేదు.

పదకొండింటికి ఓడ మీంచి చిన్న పడవలు నీళ్లలోకి దిగాయి. మొదటి దాంట్లో హిమేనా, ఫౌస్తో, గడ్డి టోపీ పెట్టుకున్న పడవవాడు. రెండో దాంట్లో టూరిస్టులు, క్రిస్పిన్, పడవ నడిపే నబోర్. నబోర్ క్రిస్పిన్ నాన్నకి స్నేహితుడు. మూడోదాంట్లో లుండ్. బైనాక్యులర్స్ మూడో పడవని చూడాలి. అవి మొదటి పడవని వదల్లేదు.

"అల్లుడూ, తిమింగలం అటు లేదు," అన్నాడు నబోర్.

"తెలుసు మావా."

ఫౌస్తో ఆమె భుజం మీద చెయ్యేశాడు. క్రిస్పిన్ పళ్లు నూరాడు. అప్పుడే మొదటి పడవ ఇంజన్ గుడగుడ ఆగిపోయింది. పాడవలేదు. గడ్డి టోపీవాడు కావాలనే ఆపేశాడు.

ఈ అఖాతంలో తిమింగలం దగ్గర ఎవడూ ఇంజన్ ఆపడు. న్యూట్రల్‌లో పెట్టి మోగిస్తూనే ఉంచుతాడు. ఆ చప్పుడుని బట్టే తల్లి తిమింగలానికి పడవ ఎక్కడుందో తెలుస్తుంది. ఏడేళ్లప్పుడు ఇంజన్ ఆపినందుకు నాన్న కొట్టిన చెంపదెబ్బ క్రిస్పిన్‌కింకా గుర్తే. తిమింగలం బెదరకూడదని మర్యాదకి ఆపేవాడు బయటివాడే అయ్యుంటాడు.

"నబోర్ మావా, ఆ పడవవాడెవడు?"

"ఎప్పుడూ చూసిన మొహం కాదే!"

గడ్డి టోపీవాడు లేచి నిలబడ్డాడు. చేతిలో పెన్ను. పెన్ను కొసన సూది తళుక్కుమంది.

"ఫౌస్తో! కాఫీ చల్లారింది!"

"ఏడిశావ్‌లే!" రేడియోలో ఫౌస్తో విసుక్కున్నాడు. "మూడోసారి కూడా నమ్మడానికి నేనేం వెర్రివాణ్నా?" తల కూడా తిప్పలేదు. నాన్నా పులి కథ పిల్లలకే అనుకున్నాడు క్రిస్పిన్ ఇన్నాళ్లూ.

సూది హిమేనా మెడకి బెత్తెడు దూరంలో ఉంది. ఎంత వేగంగా పోయినా అందుకోలేడు. అదే క్షణంలో ఆ పడవ పక్కన నీళ్లు నున్నగా, గుండ్రంగా మారడం చూశాడు. ఆ గుర్తు అతనికి తెలుసు. కిందనుంచి తల్లి తిమింగలం పైకి వస్తోంది. పడవ ఉన్నట్టు దానికి తెలియదు.

కోడూ గీడూ వదిలేసి గొంతు చించుకుని అరిచాడు.

"హిమేనా! కూలబడు! పడవ గట్టిగా పట్టుకో!"

ఆ గొంతులో ఈసారి కుళ్లు లేదు. భయం ఉంది. హిమేనా మారుమాట్లాడకుండా కూలబడి బల్ల పట్టుకుంది. మరుక్షణం బూడిదరంగు వీపు పడవని కిందనుంచి ఎత్తి పక్కకి వంచింది. నిలబడ్డ గడ్డి టోపీవాడు ఒకవైపు, తెల్ల సూటు ఫౌస్తో ఇంకోవైపు దబ్బున నీళ్లలో పడ్డారు. పడవ ఊగి ఊగి నిలబడింది. అందులో హిమేనా ఒక్కతే మిగిలింది.

నబోర్ కొక్కెం కర్రతో గడ్డి టోపీవాణ్ని పైకి లాగాడు. వాడి జేబులో హిమేనా ఫోటో, మొహం మీద ఎర్ర అడ్డగీత. ఈలోపు దూసుకొచ్చిన నేవీ బోటువాళ్లు లుండ్ చేతులకి సంకెళ్లు వేశారు.

ఓడ ఎక్కాక, తడిసిన జుట్టు పిండుకుంటూ హిమేనా క్రిస్పిన్ వైపు చూసింది.

"నీ డ్యూటీ మూడో పడవ మీద కదా?"

"అవును."

"మరి నా పడవనెందుకు చూస్తున్నావ్?"

క్రిస్పిన్ బైనాక్యులర్స్ వీపు వెనక దాచుకున్నాడు. ఆమె అతని కాయలుకాసిన చెయ్యి పట్టుకుంది. పక్కన ఫౌస్తో తుమ్మాడు.

మర్నాడు ఒబ్దూలియా బల్లమీద రిపోర్టు ఫారం. అందులో ఒక గడి ఉంది: కేటాయించిన లక్ష్యాన్ని వదిలి వేరేవైపు చూడటానికి కారణం. క్రిస్పిన్ పావుగంట పెన్ను నమిలాడు. చివరికి బుద్ధిగా రాశాడు: "సముద్ర జీవుల పరిశీలన."